ముల్లు తీయకుండా ట్యూబ్ అతికించకండి

మా ఊరి కాలువ గట్టు మీద తుమ్మ ముళ్లకు కొదవ లేదు. బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ సైకిల్ మీదే వెళ్తాను కాబట్టి పంక్చర్ నేనే వేసుకుంటాను.

చక్రం ఊడదీయక్కర్లేదు. గాలి పూర్తిగా తీసి, టైరు ఒక వైపు అంచును రిమ్ము మీంచి లేపి, ట్యూబ్ బయటికి లాగండి. కొంచెం గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటే చిల్లు. తడి తుడిచి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అతికించే రబ్బరు ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా సొల్యూషన్ (పంక్చర్ జిగురు) పల్చగా రాయండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. వేలికి అంటుకోకుండా ఆరేదాకా, సుమారు 5 నిమిషాలు ఆగాలి. అప్పుడు ప్యాచ్ పెట్టి గట్టిగా నొక్కండి.

ట్యూబ్ మళ్లీ ఎక్కించే ముందు టైరు లోపలంతా పాత గుడ్డతో తుడవండి, ముల్లు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. ఒకసారి నేను చూడలేదు. విరిగిన ముల్లు కొస అక్కడే ఉండి మర్నాడు మళ్లీ పొడిచింది. పిల్లల పరీక్ష రోజది, టెన్షన్‌తో 2 కిలోమీటర్లు సైకిల్ తోసుకుంటూ నడిచాను.

బయలుదేరే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తే వైరు బిగించాలి. వానలో రిమ్ము తడిసి బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది, కాస్త ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రండి. చీకటి పడ్డాక మాత్రం వెనక ఎర్ర లైటు లేకుండా రోడ్డెక్కకండి.