మోషన్ క్యాప్చర్‌లో మార్కర్ దోషాన్ని బేరీజు వేయడం

సోలాపూర్‌లో నేల మీద కూర్చుని బీడీలు చుట్టే తెలుగు స్త్రీల నడుము, మోకాళ్ల కదలికను మోషన్ క్యాప్చర్‌తో (ఒంటికి మార్కర్లనే చిన్న గుర్తులు అంటించి, కెమెరాలతో వాటి కదలికను నమోదు చేసే పద్ధతితో) కొలవదలచినవారు, ఎముకలు, కీళ్ల కంప్యూటర్ మోడల్‌తో కదలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సిమ్ చూపే మార్కర్ దోషం దేనికి కొలతో ముందుగా గ్రహించాలి. కెమెరాలు నమోదు చేసిన మార్కర్‌కూ, మోడల్ ఎముకపై అమర్చిన మార్కర్‌కూ మధ్య, కీళ్ల కోణాలన్నింటినీ వీలైనంత సర్దిన తరువాత కూడా మిగిలిపోయిన దూరమే ఈ దోషం. ఒంట్లోని అసలు ఎముక ఎక్కడ ఉందో ఈ అంకె చెప్పదు.

ఓపెన్‌సిమ్ మార్గదర్శకాల ప్రకారం ఇన్వర్స్ కైనమాటిక్స్‌లో (మార్కర్ల స్థానాల నుంచి కీళ్ల కోణాలను లెక్కగట్టే దశలో) గరిష్ఠ దోషం 2 నుంచి 4 సెంటీమీటర్ల లోపు, ఆర్‌ఎంఎస్ దోషం (మార్కర్లన్నింటి దోషాల వర్గాల సగటుకు వర్గమూలం) 2 సెంటీమీటర్ల లోపు ఉండాలి. స్కేలింగ్‌లో (మోడల్‌ను ఆ మనిషి కొలతలకు సరిపెట్టే దశలో) ఎముక గుర్తులపై, అంటే చర్మం కింద ఎముక చేతికి తగిలే చోట్ల అంటించిన మార్కర్లకు ఈ హద్దులు వరుసగా 2, 1 సెంటీమీటర్లు. ఫలితాలు మీటర్లలో వస్తాయి కనుక 0.02ను 2 సెంటీమీటర్లుగా చదువుకోవాలి.

సగటు చూసి ఊరుకోకుండా ఏ మార్కర్, ఏ ఫ్రేములో, ఏ దిక్కుకు తప్పుకుంటున్నదో గ్రాఫు గీసి చూడండి. ఒకటి రెండు ఫ్రేముల్లో హఠాత్తుగా ఎగిసిన దోషానికి తరచుగా మార్కర్ల పేర్లు తారుమారు కావడమో, కెమెరాకు కనబడని భాగాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి పూరించడమో కారణమవుతుంది. నిశ్చల భంగిమ నుంచే ఒకే దిక్కుకు ఉన్న దోషం అంటించిన చోటునో, స్కేలింగ్‌నో అనుమానించమంటుంది. కదలికతో పాటు పెరిగి తగ్గేది చాలావరకు చర్మం, కండ ఎముకపై జారడం వల్లనే. తొడ మీద ఇది సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి అక్కడి మార్కర్లకు వెయిట్ (లెక్కలో ఆ మార్కర్‌కు ఇచ్చే ప్రాధాన్యం) తగ్గించడం సబబు. చీర మీద అంటించిన మార్కర్ గుడ్డ కదలికనే కొలుస్తుంది. ఒంటికి హత్తుకునే దుస్తులు లేకుండా కటి భాగపు అంకెలను నమ్మరాదు.

బాసింపట్టు వేసుకున్నప్పుడు చిక్కు మరింత ముదురుతుంది. పొట్టకూ తొడలకూ మధ్య కటి ముందరి మార్కర్లు దాగిపోతాయి కనుక, త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే త్రికోణపు ఎముక) మీద, కటి ఎముక అంచుల మీద అదనపు మార్కర్లు ముందే పెట్టుకోవాలి. పైగా నడక కోసం రూపొందిన గెయిట్2392 అనే ఓపెన్‌సిమ్ మోడల్‌లో మోకాలు 120 డిగ్రీల వరకే మడుచుకుంటుంది. మోకాలి కోణపు గీత ఆ హద్దు దగ్గర చదునుగా ఆగిపోయి, అదే సమయంలో పిక్క మార్కర్ల దోషం పెరిగితే, తప్పు మోడల్‌దే. వెయిట్లు మార్చి లాభం లేదు, మోకాలు మరింత మడిచే మోడల్‌ను తీసుకోవాలి.

తక్కువ దోషాన్ని కూడా శంకించవలసిందే. ఒక మార్కర్‌కు వెయిట్ పెంచితే దాని దోషం తగ్గి, సాధారణంగా పక్కవాటికి బదిలీ అవుతుంది. మార్కర్ల సంఖ్య తగ్గించినా, కోణాలు తప్పుగా ఉన్నప్పటికీ అంకె ముచ్చటగా కనబడవచ్చు. అందువల్ల మార్కర్లన్నీ తీసి, అదే మనిషికి మళ్లీ అంటించి, అదే పని చేయించి, రెండుసార్లు వచ్చిన కీళ్ల కోణాలను పోల్చండి. ఆ రెండింటి తేడా మీరు పట్టుకోదలచిన మార్పు కంటే ఎక్కువగా ఉంటే, ఆర్‌ఎంఎస్ 1 సెంటీమీటర్‌కు దిగినా ఆ కొలత మీ ప్రశ్నకు చాలదు.