లివర్ జబ్బు ఉన్నవాళ్లలో జింక్ లోపం: ఎలా గుర్తించాలి, ఎలా సరిచేసుకోవాలి?

హన్మకొండ దిక్కు ఒక ఇల్లు అనుకోండి. లివర్ గట్టిపడిన పెద్దాయన కంచం ముందు కూర్చుని "ఏం కూరనే ఇది, మన్ను తిన్నట్టున్నది" అంటాడు. పొట్టలో నీరుందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు కాబట్టి ఇంటామె కూడా ఉప్పునే అనుమానిస్తుంది. కానీ బెల్లం తీపి, పచ్చిపులుసు పులుపు కూడా నాలుకకు అందట్లేదంటే జింక్ తగ్గిందేమో చూడాలి.

ముందు ఒక వారం గమనించండి. జుట్టు రాలడం, నోటి చుట్టూ చర్మం ఎర్రబడి పొట్టు లేవడం, చిన్న గాయం కూడా తొందరగా మానకపోవడం, పొద్దుగూకితే చూపు మసకబారడం. వీటికి వేరే కారణాలూ ఉంటాయి, అందుకే రాసుకుని డాక్టరుకు చూపించండి. మనిషి పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడుతున్నా, చాచిన చేతులు రెక్కల్లా కొట్టుకుంటున్నా వారం ఆగొద్దు. అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోండి. ఒంట్లో పుట్టే అమ్మోనియా అనే విషాన్ని లివర్ యూరియాగా మార్చే పనికి జింక్ కావాలి. జింక్ తగ్గితే అమ్మోనియా పేరుకుని మెదడు మీద భారం పెరుగుతుంది.

అసలు ఎందుకు తగ్గుతుంది? రక్తంలో జింక్ ఎక్కువగా అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. ఆ అల్బుమిన్ తయారయ్యేది లివర్‌లోనే. అది తగ్గితే జింక్ మూత్రంలో పోతుంది, నీరు తీసే గోళీలు ఇంకొంత పంపేస్తాయి. మందు తాగినా అంతే. "కల్లు చలువ, అది మందు కాదు" అనే మాట ఇక్కడ చెల్లదు.

తర్వాత పరీక్ష. సీరం జింక్, దాంతోపాటే అల్బుమిన్. పొద్దున పరగడుపున, జింక్ గోళీ వేసుకోకముందే రక్తం ఇవ్వండి. మామూలు ట్యూబు రబ్బరు మూత నుంచే జింక్ కలిసే వీలుంది కాబట్టి, దీనికి వేరే ట్యూబు వాడతారా అని అడగండి. డెసిలీటరుకు సుమారు 70 నుంచి 120 మైక్రోగ్రాములు మామూలు. ల్యాబును బట్టి కాస్త మారుతుంది.

గోళీ డాక్టరు రాస్తేనే. 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్‌లో అసలు జింక్ 50 మిల్లీగ్రాములే, కాబట్టి సీసా మీద అంకె చూసి లెక్క వేసుకోవద్దు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, తిన్నాక వేసుకోండి. ఐరన్, కాల్షియం, నార్‌ఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్) గోళీలకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి (కాపర్) తగ్గి రక్తహీనత వస్తుంది, అందుకే మధ్యలో మళ్లీ రక్తం చూపించుకోవాలి. పసరు మందులు, యశద భస్మం (జింక్‌తో చేసే ఆయుర్వేద మందు) మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.

తిండి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కామెర్లు అనగానే పత్యమని గుడ్డు, మాంసం మాన్పించి మనిషిని ఎండబెడతారు. లివర్ గట్టిపడినవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. జింక్ కూడా మటన్‌లో బాగా దొరుకుతుంది. గుడ్డులో అర మిల్లీగ్రాము పైచిలుకే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో మగవాళ్లకు రోజుకు 17 మిల్లీగ్రాములు కావాలి, కాబట్టి ఒక్క గుడ్డుతో పని కాదు. మాంసం తినని ఇంట్లో శనగలు, పెసలు రాత్రంతా నానబెట్టి, తెల్లటి మొలక తొంగిచూశాక గుడాలు చేయండి. గింజల్లోని ఫైటేట్ జింక్‌ను పట్టి ఉంచుతుంది, నానితే, మొలకెత్తితే ఆ పట్టు సడలుతుంది. నువ్వుల పొడి, గుమ్మడి గింజలు కూడా మంచివే. నువ్వులున్నాయి కదా అని సకినాలు పెట్టకండి, వాటిలో ఉప్పూ నూనే ఎక్కువ. పడుకునే ముందు ఒక రొట్టె, గ్లాసు పాలు ఇస్తే రాత్రి కండ కరగడం తగ్గుతుంది.

రుచి తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా కూరలో ఉప్పుకు బదులు నిమ్మకాయ పిండండి, కొత్తిమీర వేయండి.