సమ్మిట్ కౌంటీలో స్కీ సీజన్‌ను స్థానికుల్లా గడపడం ఎలా

కొలరాడోలోని సమ్మిట్ కౌంటీలో బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, కాపర్ మౌంటెన్, అరపాహో బేసిన్ అనే నాలుగు స్కీ రిసార్టులు ఉన్నాయి. సెలవుల్లో వచ్చిన పర్యాటకుడు టికెట్ డబ్బులు రాబట్టుకోవాలని ఉదయం నుంచి సాయంత్రం దాకా కొండ మీదే ఉంటాడు. ఇక్కడ ఉండేవాడు రెండు మూడు గంటలు స్కీయింగ్ చేసి ఇంటిదారి పడతాడు. అయినా సీజన్ ముగిసేసరికి మంచి మంచు ఎక్కువగా దక్కేది అతనికే, ఎందుకంటే ఏ రోజు వెళ్లాలో, ఏ వాలు మీదికి ఎప్పుడు చేరాలో, ఎప్పుడు దిగిపోవాలో అతనికి తెలుసు. కౌంటీలోని ఫ్రిస్కో, సిల్వర్‌థార్న్ లాంటి ఊళ్లలో కాపురం ఉన్నవారికీ, డెన్వర్ శివార్లలో ఉద్యోగాలు చేసుకుంటూ శీతకాలంలో కొండెక్కే మన తెలుగువారికీ ఈ పద్ధతి ఒకేలా పనికొస్తుంది.

సీజన్ పాస్ (సీజనంతా చెల్లే టికెట్) విషయం ముందటి వసంతకాలంలోనే తేల్చుకోవాలి. పెద్ద రిసార్టుల్లో రద్దీ రోజున ఒక్కరోజు టికెట్ 200 డాలర్లు దాటుతుంది కాబట్టి కొద్ది రోజులు వెళ్లినా పాసే చవక. ఆ పాస్ ధర వసంతంలో అతి తక్కువగా ఉండి, శరదృతువు దాకా మెట్లు మెట్లుగా పెరుగుతుంది, డిసెంబరు మొదటి రోజుల తర్వాత సాధారణంగా అమ్మనే అమ్మరు. బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ ఎపిక్ పాస్ కిందికి, కాపర్, అరపాహో బేసిన్ ఐకాన్ పాస్ కిందికి వస్తాయి. రెండూ కొనడం డబ్బు దండగ. మీ ఇంటికి దగ్గరగా ఏ కొండ ఉందో, మీతో వచ్చే స్నేహితుల దగ్గర ఏ పాస్ ఉందో చూసుకుని ఒకటి ఎంచుకోండి. తక్కువ ధర పాసులకు క్రిస్మస్ వారంలోనూ జనవరి, ఫిబ్రవరి సెలవు వారాంతాల్లోనూ ఆంక్షలు ఉండవచ్చు కానీ, ఆ రోజుల్లో స్థానికులు ఎలాగూ కొండ వైపు చూడరు.

డెన్వర్ నుంచి వచ్చేవారికి అసలు పరీక్ష ఇంటర్‌స్టేట్ 70 రహదారి మీద మొదలవుతుంది. మామూలుగా గంటన్నరలోపు అయ్యే ప్రయాణం శనివారం ఉదయం ఏడున్నరకు బయలుదేరితే మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఐదున్నరకే ఇల్లు వదలాలి, లేదా తీరిగ్గా భోజనం చేసి మధ్యాహ్నం వెళ్లాలి. తిరుగు ప్రయాణం ఒంటిగంటలోపు మొదలుపెట్టాలి, కాకపోతే రాత్రి ఏడు దాకా ఆగాలి. మూడు గంటలకు అందరితో పాటు బయలుదేరినవారు ఐసెన్‌హోవర్ సొరంగం ముందు, మళ్లీ ఐడహో స్ప్రింగ్స్ దగ్గర బ్రేక్ లైట్లు చూస్తూ కూర్చోవలసిందే. ఇదే రహదారి మీద మోరిసన్, డాట్సెరో ఊళ్ల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు రోడ్డు మీద వాహనాల పట్టుకు సంబంధించిన చట్టం అమల్లో ఉంటుంది. టైరు గాడుల లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలని అది చెబుతుంది. కారుకు ఆల్ వీల్ డ్రైవ్ ఉందన్న ధీమాతో అరిగిన టైర్లతో వచ్చేవారు ఎక్కడానికి ఇబ్బంది పడరు, దిగేటప్పుడు ఆగలేరు. నవంబరులోనే శీతకాలపు టైర్లు వేయించుకోవడం మంచిది. కొండ మీది ఊళ్లలో ఉండేవారికి ఈ బెడద లేదు, సమ్మిట్ స్టేజ్ బస్సులు ఊళ్లనూ రిసార్టులనూ కలుపుతూ ఉచితంగా తిరుగుతాయి.

సామాన్లలో మొదటి డాలరు బూట్లకే ఖర్చు పెట్టాలి. స్కీలు అద్దెకు తెచ్చుకున్నా సర్దుకుపోవచ్చు గానీ, సరిపడని బూటు పదింటికే మనిషిని ఇంటికి పంపిస్తుంది. బూట్లు అమర్చే నిపుణుడి దగ్గర గంటసేపు కూర్చుని, పాదం ఆకారానికి తగ్గట్టు వాటిని వేడిచేసి సాగదీయించుకోవాలి. చలి దేశమని మనవాళ్లు రెండు జతల ఉన్ని మేజోళ్లు వేసుకుంటారు. దానివల్ల పాదం బిగుసుకుపోయి, రక్తప్రసరణ తగ్గి, వేళ్లు మరింత చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే పల్చటి మేజోడు ఒక్కటే చాలు. ఇంటికి రాగానే లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగి ఆరబెట్టాలి. రాత్రంతా కారు డిక్కీలో వదిలేసిన బూటు పొద్దున్నే చలికి గట్టిపడి, మడమ లోపలికి దిగడానికే మొరాయిస్తుంది. ఒంటికి తగిలే పొరలో నూలు బట్ట ఉండకూడదు, అది చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. ఛాయ ఎలాంటిదైనా ఈ ఎత్తులో చర్మం కమిలిపోతుంది. మంచు మీద పడి తిరిగివచ్చే ఎండ ముక్కు కింద, గడ్డం కింద కూడా కాలుస్తుంది కాబట్టి సన్‌స్క్రీన్ అక్కడ కూడా రాయాలి. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు, ఫ్రిస్కో 9,000 అడుగులకు పైనే, బ్రెకెన్‌రిడ్జ్‌లోని ఇంపీరియల్ లిఫ్టు (మనుషుల్ని కొండ మీదికి మోసుకెళ్లే తీగల కుర్చీలు) దించే చోటు 12,840 అడుగులు. తలనొప్పి, వికారం మొదలైతే పంతానికి పోకుండా కిందికి దిగాలి. తిండి మాటకొస్తే, చాలా లాడ్జీల్లో (స్కీయర్లు సేదతీరే రిసార్టు భవనాల్లో) సొంత తిండి తినడానికి బల్లలు ఉంటాయి. ఫ్లాస్కులో వేడి మిరియాల చారు పట్టుకెళ్లినవారిని పక్క బల్లవాళ్లు అసూయగా చూడటం మామూలే.

ఇక మంచును చదవడం. రాత్రి ఎన్ని అంగుళాలు పడిందన్న ఒక్క లెక్కే చూస్తే సగమే తెలుస్తుంది. గాలి ఎటు నుంచి వీచిందో కూడా చూడాలి. ఇక్కడ గాలి ఎక్కువగా పడమర, వాయవ్య దిక్కుల నుంచి వస్తుంది. అది శిఖరాలకు అవతలి వైపు మంచును ఊడ్చి తెచ్చి తూర్పు వాలులో పోస్తుంది. అందుకే రిపోర్టులో మూడు అంగుళాలని ఉన్న రోజున బ్రెకెన్‌రిడ్జ్ ఎగువ గిన్నెల్లాంటి లోయల్లో మోకాటి లోతు మంచు దొరకవచ్చు, ఎదురుగాలి తగిలే గట్టు మీద రాళ్లు తేలి ఉండవచ్చు. తుఫాను కొనసాగుతున్నప్పుడు మాత్రం పైకి వెళ్లి లాభం లేదు. ఆకాశం, నేల ఒకే తెలుపుగా కలిసిపోయి వాలు ఎక్కడ వంగిందో కనపడదు, గాలికి పై లిఫ్టులు ఆపేస్తారు. ఆ రోజు సుమారు 11,500 అడుగుల కింద, చెట్ల మధ్యే తిరగాలి. మాను మొదళ్ల నలుపు వల్ల దారి తెలుస్తుంది. తక్కువ వెలుతురుకు పనికొచ్చే గాగుల్స్ అద్దం జేబులో ఉంచుకోవాలి. తుఫాను వెలిసిన మర్నాడు లిఫ్టు తెరవడానికి అరగంట ముందే వరసలో నిలబడాలి, పదకొండు కల్లా పని ముగించుకోవాలి. సెలవు పెట్టడమంటూ ఉంటే అలాంటి వారపు రోజుకే పెట్టాలి. నవంబరులో కృత్రిమ మంచు మీద తెరిచే ఒకటి రెండు దారుల్లో వేలమంది తోసుకుంటారు కాబట్టి, నా ఉద్దేశంలో అప్పుడు వెళ్లడం కాళ్లకు వ్యాయామం కోసమే.

వాలు మీద మర్యాద చిన్నదే గానీ తప్పనిసరి. కింద ఉన్నవారికే దారి హక్కు, పైనుంచి వచ్చేవారే తప్పుకోవాలి. ఎవరినైనా గుద్దితే, పేరు, చిరునామా స్కీ గస్తీ సిబ్బందికో రిసార్టు ఉద్యోగికో ఇవ్వకుండా వెళ్లిపోవడం కొలరాడోలో చట్టవిరుద్ధం. మలుపు వెనకా, వంపు కిందా ఆగకూడదు. ఒంటరిగా వచ్చినవారు లిఫ్టు దగ్గర ఒంటరివారి కోసం ఉండే వరసలో నిలబడితే నిరీక్షణ బాగా తగ్గుతుంది.

తాడు కట్టి మూసిన చోటికి వెళ్లకూడదన్న మాట పర్యాటకులకన్నా స్థానికులకే ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే పరిచయం పెరిగేకొద్దీ భయం తగ్గుతుంది. కొలరాడో మంచు లోతు తక్కువ, చలి ఎక్కువ. సీజన్ మొదట్లో పడిన పల్చటి పొర ఆ చలికి పంచదార పలుకుల్లా విడివిడి గింజలుగా మారి, తర్వాత పడిన బరువును మోయలేక జారిపోతుంది. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే చరియలు విరిగిపడతాయి, సరదాగా స్కీయింగ్ చేసే వాలులూ అవే. రిసార్టు హద్దు దాటితే ప్రమాదకరమైన చరియలను ముందే కూల్చేందుకు గస్తీ సిబ్బంది పేల్చే బాంబులు గానీ, పర్యవేక్షణ గానీ ఉండవు. రాష్ట్ర అవలాంచి (మంచు చరియల) సమాచార కేంద్రం రోజూ ఇచ్చే ఐదు మెట్ల ప్రమాద సూచిక చదవకుండా, మంచులో కూరుకుపోయినవారి జాడ చెప్పే సిగ్నల్ పరికరం, పొడవాటి శోధన కడ్డీ, పార లేకుండా, వాటిని వాడటం నేర్చుకోకుండా, తోడు లేకుండా అటు వెళ్లవద్దు.

మార్చి చివరి నుంచి గడియారం తలకిందులవుతుంది. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున్నే గాజులా ఉంటుంది కనుక తొందరపడి లాభం లేదు. పదింటికి ఎండ తగిలిన తూర్పు వాలులు ముందు మెత్తబడతాయి, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. సూర్యుడి వెంట తిరుగుతూ, గింజల్లాంటి మెత్తని మంచులో స్కీ రెండంగుళాలు దిగినంత సేపు చేసి, బూటు చీలమండ దాకా కూరుకుపోవడం మొదలవగానే మానేయాలి. మిగతావి మూసేశాక కూడా అరపాహో బేసిన్ చాలా ఏళ్లు జూన్ దాకా నడుస్తుంది. అక్కడి పార్కింగ్ స్థలంలో పొయ్యిలు పెట్టి వండుకుతినే ఆనవాయితీ కూడా ఉంది, చోటు కావాలంటే త్వరగా చేరాలి.

చివరి రోజున స్కీల అంచులను పొడిగుడ్డతో తుడిచి, తుప్పుంటే గీకించి, అడుగున మైనం మందంగా పట్టించి గీకకుండా అలాగే వదిలేయాలి. బూట్ల తొడుగులు పూర్తిగా ఆరాక లోపల పెట్టి, ఆకారం చెడకుండా కట్లు వదులుగా బిగించి, వేసవిలో వేడెక్కే గరాజ్‌లో కాకుండా ఇంటి లోపల భద్రపరచాలి.