ఈ-బైక్ పాఠాలు – 3: పాతిక దగ్గర ఆగే బండి, పాతిక దాకా రాని బండి

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. పొద్దున బయల్దేరే ముందు ఒకసారి, సాయంత్రం ఇంటికి చేరాక ఒకసారి బ్యాటరీ వోల్టేజీ చూసి నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. ఆ అంకెలు ఇవాళ కావాలి. రాయనివాళ్లు చదవడం మొదలుపెట్టండి, కానీ మధ్యలో ఒకచోట ఆగిపోతారు.

మొదటి పాఠంలో ఈ-బైక్ (అంటే మోటారు ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్) బ్యాటరీ, రెండో దాంట్లో మోటారు, దానికి ఎంత కరెంటు పంపాలో చూసే కంట్రోలర్ చూశాం. ఇవాళ స్పీడ్. నిజానికి అందరూ మొట్టమొదట అడిగేది ఇదే: "నా బండి 25 దాటట్లేదండీ, ఏం చేయాలి?" బ్యాటరీ, వైర్ల సంగతి తెలియకుండా స్పీడ్ జోలికి వెళ్తే ఏమవుతుందో నా బండి మీదే చూశాను. ఆ కథ కొంచెం ఆగి చెబుతాను.

ముందు ఈ 25 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. మోటారు 30 నిమిషాల పాటు నిలకడగా ఇవ్వగలిగిన పవర్ 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేశాక బండి బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే అది మోటారు వాహనం కాదు. అంటే రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ లేదు, నంబర్ ప్లేట్ లేదు. తొక్కితేనే సాయం చేసే పెడల్ అసిస్ట్ రకానికి ఇంకో షరతు ఉంది. వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గుతూ వచ్చి 25 దగ్గర పూర్తిగా ఆగాలి. తొక్కడం ఆపినా ఆగాలి.

చాలామంది గమనించని మాట 'నిలకడగా'. మీ కంట్రోలర్ మీద 48 వోల్టులు, 15 ఆంపియర్లు అని ఉంటుంది. గుణిస్తే 720 వాట్లు. మరి 250 ఏమైంది? సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు కాసేపు బండి అంత లాగొచ్చు. అరగంట పాటు లాగలేదు, లాగితే మోటారు కాలుతుంది. 250 అనేది మోటారు ఓపిక. 720 దాని ఒక్క క్షణపు ఊపు.

ఫోన్లో వీడియోలు చూసి "అమెరికావాళ్లది 45 పోతోంది కదా" అంటారు. అక్కడ మూడు తరగతులు పెట్టుకున్నారు. కొన్నిటికి 32, ఒకదానికి 45. యూరప్‌లో మామూలు ఎలక్ట్రిక్ సైకిల్‌కు మనలాగే 25, 250. వాళ్ల వీడియోలో పోయింది కదా అని మన దగ్గర చట్టం మారదు.

గాలి లెక్క

ఇక అసలు విషయం. బండి, మనిషి కలిపి 100 కిలోలు అనుకుందాం. నిటారుగా కూర్చుని, గాలి లేని రోజున, చదును రోడ్డు మీద వెళ్తున్నారు. 25లో వెళ్లడానికి చక్రం దగ్గర సుమారు 180 వాట్లు కావాలి. 35లో వెళ్లాలంటే? వేగం 40 శాతం పెరిగింది కాబట్టి పవర్ కూడా 40 శాతం పెరుగుతుందని మన మనసు చెబుతుంది. అంతతో ఆగదు. 400 వాట్లవుతుంది. 45కి దాదాపు 770.

కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ బలాన్ని రెట్టింపు వేగంతో తోసుకుంటూ పోవాలి కాబట్టి గాలి కోసం పెట్టే పవర్ ఎనిమిది రెట్లు. టైరు రాపిడి మాత్రం వేగంతో పెద్దగా మారదు. అందుకే 15లో బండి పువ్వులా పోతుంది, 25 దాటాక గోడను తోస్తున్నట్టు ఉంటుంది. వర్షాకాలంలో ఈదురుగాలికి ఎదురెళ్లినవాళ్లకు ఈ లెక్క కాళ్లతోనే తెలుసు.

దీన్నే కిలోమీటర్లలోకి మార్చి చూడండి. బ్యాటరీ 48 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 480 వాట్ అవర్లు. అందులో చక్రానికి చేరేది 80 శాతం అనుకుంటే, ఎక్కడా ఆగకుండా 25లో పోతే 50 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. 35లో పోతే 34. 45లో 22. ఊళ్లో సిగ్నళ్లు, ఫ్లైఓవర్లు కలిస్తే ఇంకా తక్కువే.

మిగిలే టైము ఎంతో కూడా చూద్దాం. తార్నాక నుంచి బేగంపేట దాకా సుమారు 10 కిలోమీటర్లు అనుకోండి. కదిలే టైము 25లో 24 నిమిషాలు, 35లో 17. సిగ్నళ్ల దగ్గర నిలబడే టైము రెండింటికీ ఒకటే. మెట్టుగూడ, సికింద్రాబాద్, ప్యారడైజ్ దాటే దారిలో 35 పట్టుకునే జాగా ఎంత ఉంటుందో మీకే తెలుసు. కాగితం మీది ఆ 7 నిమిషాల్లో చేతికి వచ్చేవి మూడో నాలుగో.

వైరు పీకిన కథ

ఇది తెలిసి కూడా నేను చేశాను. కొన్నేళ్ల కిందట సిటీలో ఒక మెకానిక్ నా బండి చూసి, "అన్నా, ఈ తెల్ల వైరు పీకేస్తే 35 పోతది. రెండు నిమిషాల పని" అన్నాడు. బండిని 25 దగ్గర ఆపే లిమిటర్ వైరు అది. పీకాడు. పోయింది కూడా. మూడు వారాలు రాజాలా తిరిగాను. ఒక సాయంత్రం రాణీగంజ్ దగ్గర బండి టక్కున ఆగింది. సీటు కింది నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. బ్యాటరీకి, కంట్రోలర్‌కి మధ్య ఉన్న కనెక్టర్ కరిగి ముద్దయింది. సికింద్రాబాద్ మీదుగా తార్నాక దాకా తోసుకుంటూ వచ్చాను. ఈ-బైక్ తోయడం అంటే మామూలు సైకిల్ తోయడం కాదు, దున్నపోతును తోలుకొచ్చినట్టే.

తప్పు వైరు పీకినవాడిదే అనుకున్నాను. లెక్క వేస్తే వేరేది తేలింది. కనెక్టర్ ఎప్పటి నుంచో వదులుగానే ఉంది. 25లో బండి బ్యాటరీ నుంచి లాగేది 5 ఆంపియర్ల లోపే. 35లో 10 పైన. వదులు కనెక్షన్ దగ్గర వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెండింతలు దాటితే వేడి దాదాపు ఐదింతలు. పాతికలో గోరువెచ్చగా ఉన్న కనెక్టర్ ముప్పై అయిదులో కరిగింది. ఎక్కువ స్పీడ్ బండిలో కొత్త జబ్బు పుట్టించలేదు, ఉన్నదాన్ని బయటపెట్టింది.

బ్రేకుల సంగతీ అంతే. ఆపాలని అనిపించాక చెయ్యి బ్రేక్ నొక్కేలోపు ఒక సెకను పోతుంది. మంచి బ్రేక్, పొడి రోడ్డు అయితే 25లో మొత్తం 12 మీటర్లలో ఆగుతారు. 35లో 19. ఆ బండికి వేసింది సైకిల్ బ్రేకులు. పైగా పాతిక దాటేలా మార్చిన బండి చట్టం లెక్కలో మోటారు వాహనమే, అదీ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఏదీ లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే మీ తరఫున నిలబడే కాగితం ఒక్కటీ ఉండదు. రోజూ 30 కిలోమీటర్లు వెళ్లాలి, 40 స్పీడ్ కావాలి అనుకునేవాళ్లు గ్రీన్ నంబర్ ప్లేట్ బండి, అంటే రిజిస్ట్రేషన్ అయిన ఎలక్ట్రిక్ బండి కొనుక్కోండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. తెల్ల వైరు గురించి ఈ పాఠాల్లో ఇంతకు మించి చెప్పను.

పోయిన స్పీడ్ ఎక్కడుంది?

నేను చూసిన బండ్లలో చాలావాటికి 25 దాటకపోవడం సమస్య కాదు. అవి 25 దాకా రావడమే లేదు. 20, 21 దగ్గర ఈదుతుంటాయి. ఆ నాలుగైదు కిలోమీటర్లు మీ డబ్బు పెట్టి కొనుక్కున్నవే. వెతుకుదాం.

ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డుకు వెళ్లండి. పేరు పీవీ నరసింహారావు మార్గ్ అని మార్చినా మనకు నెక్లెస్ రోడ్డే. చదునుగా ఉంటుంది, ఆ వేళకు రద్దీ తక్కువ. ఫోన్లో జీపీఎస్ స్పీడ్ చూపించే యాప్ పెట్టి, ఫోన్ హ్యాండిల్‌కు బిగించండి. ఫుల్ చార్జ్‌తో, పెద్ద మోడ్‌లో, ఒకే వైపు ఒక కిలోమీటరు వెళ్లి, తిరిగి రండి. రెండు వైపులా ఎందుకంటే గాలి ఒక వైపు మోసం చేస్తుంది. బండి డిస్‌ప్లే, ఫోన్ రెండూ ఏం చూపిస్తున్నాయో రాసుకోండి. ఇంటికొచ్చాక మోటారు ఉన్న చక్రాన్ని నేల మీద నుంచి లేపి, మోటారుతోనే గాల్లో తిప్పి డిస్‌ప్లే చూడండి.

ఇప్పుడు మూడు అంకెలున్నాయి. డిస్‌ప్లే 25 అంటోంది, ఫోన్ 22 అంటోంది అనుకోండి. అప్పుడు మోటారు తప్పేమీ లేదు. డిస్‌ప్లేలో చక్రం సైజు తప్పుగా పెట్టి ఉంది. 26 అంగుళాల చక్రానికి 29 అని పెడితే, బండి 22లో ఉండగానే 25 వచ్చేసిందని నమ్మి మోటారును ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చక్రం మీద రాసి ఉన్న సైజు పెట్టండి. మూడు కిలోమీటర్లు పైసా ఖర్చు లేకుండా తిరిగొచ్చాయి. (తక్కువ సైజు పెట్టి మోసం చేయొచ్చా అని అడగబోతున్నారు. రాణీగంజ్ గుర్తుంచుకోండి.)

డిస్‌ప్లే, ఫోన్ రెండూ 21 అంటున్నాయి, గాల్లో మాత్రం 25 చూపిస్తోంది. అంటే రోడ్డు మీద ఏదో పట్టి లాగుతోంది. నూటికి తొంభై సార్లు అది టైరే. బొటనవేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనొద్దు. ఎంత గాలి ఉండాలో టైరు పక్కగోడ మీద రాసి ఉంటుంది, గేజీతో చూసి కొట్టించండి. తర్వాత ముందు చక్రం లేపి చేత్తో తిప్పండి. 'సుర్ సుర్' అంటూ తొందరగా ఆగితే బ్రేక్ ప్యాడ్ రాసుకుంటోంది. చైన్ ఎండిపోయి కిర్రుమంటుంటే నూనె వేయండి. మోచేతులు కాస్త వంచి కూర్చున్నా గాలి భారం తగ్గుతుంది.

గాల్లో కూడా 22 దాటట్లేదంటే మీ నోట్‌బుక్ తీయండి. హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండే మోటారు) వేగం వోల్టేజీని బట్టి ఉంటుంది. 48 వోల్టుల లిథియం బ్యాటరీలో 13 సెల్స్ వరస ఉంటే ఫుల్ చార్జ్‌లో 54.6 వోల్టులు, ఖాళీ కాబోయే ముందు 42 దాకా. ఫుల్‌లో 30 తిరగగలిగిన మోటారు 42 దగ్గర 23 మాత్రమే తిరుగుతుంది. లిమిటర్ దాకా వెళ్లే సత్తా అప్పుడు దానికే ఉండదు. 'పొద్దున బాగానే ఉంది, సాయంత్రానికి నీరసం' అనేవాళ్ల కథ ఇదే. ఆఫీసులో చార్జర్ పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. ఫుల్ చార్జ్‌లోనే 54కు బాగా తక్కువ చూపిస్తుంటే సెల్స్ సంగతి చూడాలి, అది ఐదో పాఠం.

చివరగా కనెక్టర్లు. పది నిమిషాలు నడిపి, ఆపి, బ్యాటరీ దగ్గరి ప్లగ్, మోటారు వైర్ల ప్లగ్ వేలి వెనక వైపుతో ముట్టుకోండి. చుట్టుపక్కల కంటే వేడిగా ఉంటే అక్కడే మీ స్పీడ్ పోతోంది. ఒక ప్లగ్‌లో 0.1 ఓం అడ్డు ఉన్నా 15 ఆంపియర్ల దగ్గర వోల్టున్నర పోతుంది, 22 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. సీటు కింద దాన్ని ఆన్ చేసి పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట. ప్లగ్ మార్చండి. కోఠి గుజరాతీ గల్లీలో మంచివి దొరుకుతాయి.

ఎత్తు దగ్గర

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు వెళ్లేవాళ్లకు లిమిటర్ గొడవే లేదు, అక్కడ 25 ఎవరికి వస్తుంది? వంద మీటర్లకు 5 మీటర్లు ఎక్కే దారిలో 250 వాట్లు మిమ్మల్ని 14లోనే తీసుకెళ్తాయి. అక్కడ మీరు ఓ 100 వాట్లు తొక్కితే, అంటే మాట్లాడుతూ తొక్కగలిగినంత, 18 దాటుతుంది. మోటారు మరీ నెమ్మదిగా తిరిగితే కరెంటు కదలికగా కాక వేడిగా మారుతుంది. కాబట్టి ఎత్తు మొదలయ్యాక కాదు, దానికి ఇరవై మీటర్ల ముందే తొక్కడం మొదలుపెట్టండి. మీ కాళ్లకు ఏ నియమమూ స్పీడ్ లిమిట్ పెట్టలేదు.

ఈ వారం హోంవర్క్: ఆ మూడు అంకెలు, రెండు టైర్ల గాలి, ఏ ప్లగ్ వేడెక్కిందో. వచ్చే పాఠం బ్రేకులు. 5 మిల్లీమీటర్ల అలెన్ కీ ఒకటి, పాత బనియన్ గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి.