అంబాసిడర్ ముందు సస్పెన్షన్ పని

ముందు చక్రం దగ్గర కటకట వినగానే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి బుష్ కిట్ (కీళ్ల దగ్గర వేసే రబ్బరు తొడుగుల సెట్) కొనేయకండి. జాకీ వేసి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే, అంటే వదులు, ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ప్లే ఆగిపోయిందా, అరిగింది వీల్ బేరింగ్. ఇంకా ఉందా, కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు) వైపు అరిగింది. అది గ్రీజుతో సరిపెట్టే పని కాదు.

అసలు జాగ్రత్త టోర్షన్ బార్ దగ్గర. స్ప్రింగులా బండి బరువు మోసే, మెలిపడి ఉన్న ఉక్కు కడ్డీ అది. కింది ఆర్మ్‌కి జాకీ ఆనించి, బిగువు మెల్లగా వదలాలి. విప్పేముందు బార్ చివర, దాన్ని పట్టి ఉంచే లివర్ మీద పెయింటు గుర్తు పెట్టండి. బార్ చివరి పళ్లలో ఒక్క పన్ను తేడా వచ్చినా బండి ఎత్తు మారుతుంది. కుడిది ఎడమకి వేయొద్దు: ఒకవైపు మెలికకు అలవాటుపడింది, తిరగేస్తే విరగొచ్చు. బార్ ఒంటి మీద గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది, సుత్తి దూరంగా ఉంచండి.

రబ్బరు బుష్‌లకు సబ్బునీళ్లు చాలు. గ్రీజు రాస్తే ఉబ్బుతాయి. బోల్టులు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీదకి దించి, నాలుగుసార్లు ఊపాకే గట్టిగా బిగించండి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. హడావుడిలో మెకానిక్‌లు ఎగ్గొట్టేది ఇదే!

గ్రీజు ఎక్కించే నిపుల్స్‌కి చక్రం లేపి ఉంచి, కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. ఆ తర్వాతే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణం సరిచూడటం.