ఎండల్లో పిల్లలతో గండికోటకు: బండి తీసేముందు

అనంతపురం నుంచి తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా పోతారు కదా, తెల్లారకముందే బయల్దేరండి. మధ్యలో నీడ తక్కువ.

టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. స్టెప్నీలో కూడా; అందరూ మరిచేది దాన్నే.

తాగే నీళ్లు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసుకు చిటికెడు లెక్క పనికిరాదు. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలే ఇంకాస్త తరచుగా.

ఎండలో నిలిపిన కారులో బెల్టు బకిల్ చుర్రుమంటుంది. పిల్లల్ని కూర్చోబెట్టేముందు తాకి చూడండి. ‘టీ తాగి వచ్చేద్దాం’ అని నిద్రపోయే బిడ్డను కారులో వదిలి దిగొద్దు, అద్దం కాస్త దించినా సరే.

పిల్లోడు గంటల తరబడి ఉచ్చ పోయకున్నా, మగతగా వాలిపోతున్నా దగ్గర్లోని ఆస్పత్రికే.

కోటలో పెన్నా లోయ అంచున చెయ్యి వదలొద్దు. సెల్ఫీలు తర్వాత.