ట్రాలీ లైట్ల వైరింగ్‌లో చెయ్యి పెట్టే ముందు

వడ్ల లోడుతో రాత్రిపూట మిర్యాలగూడ మిల్లుకు పోయే ట్రాక్టర్‌కు వెనక లైటు వెలగకపోతే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే ఇవి చూసుకోండి.

- ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. చక్రాలకు రాళ్లు పెట్టండి.
- బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పాలి, చివర బిగించాలి. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఉంగరం, కడియం తీసేయండి.
- ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మినుకుమంటోందా? ముందు ఎర్త్‌ను, అంటే లైట్ల నుంచి ట్రాలీ బాడీకి బిగించే వైరును అనుమానించండి. మా ట్రాలీకి బల్బులు మార్చి మార్చి విసిగిపోయాం. చివరికి చూస్తే ఎర్త్ బోల్టు కింద ఎర్రగా తుప్పు. మెరిసే ఇనుము కనబడేదాకా గీకి బిగిస్తే సరిపోయింది.
- పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్‌ది వేయండి. రాగి తీగ చుట్టొద్దు, వైర్లు అంటుకుంటాయి.
- మలుపులో ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య వైరు తెగకుండా కాస్త వదులు ఉంచండి, నేలకు మాత్రం రాసుకోకూడదు.